ఎండలో క్రిస్మస్: ఇక్కడ దొరల పండగ, అక్కడ వాళ్ళ పిల్లలు

డిసెంబర్ వచ్చిందంటే చాలు, ఫోన్ తెరిస్తే మంచు, క్రిస్మస్ చెట్టు, ఎర్ర స్వెటర్లు. ఇవాళ మనం మంచు లేని క్రిస్మస్ గురించి మాట్లాడుకుందాం. ఉద్యోగాల కోసం మన దేశానికి వచ్చిన ఇంగ్లీషు దొరలు, దొరసానులు సొంతూరికి అంత దూరంలో ఈ పండగ ఎలా చేసుకునేవాళ్ళు?

ఫ్యానీ పార్క్స్ అనే ఆవిడ 1822లో కలకత్తా వచ్చింది. 1850లో అచ్చయిన తన పుస్తకంలో ఇక్కడి క్రిస్మస్ గురించి రాసింది. ఆ రోజు పనివాళ్ళు ఇంటి గేటుకి పూలదండలు కట్టేవాళ్ళట. చాకలి దగ్గర్నుంచి అందరూ పళ్ళేల్లో పండ్లు, మిఠాయిలు తెచ్చి ఇచ్చి, బక్షీస్ అడిగేవాళ్ళట. చూశారా, పండగ దొరలది, గుమ్మానికి తోరణం మాత్రం మనది! ఆ రోజుకి ఉత్తరాదిలో పెట్టిన పేరు 'బడా దిన్', అంటే పెద్ద రోజు. కలకత్తాలో ఇప్పటికీ క్రిస్మస్‌ని 'బొడో దిన్' అనే అంటారు. అలా పండ్లు, పూలతో ఇచ్చే కానుకల తట్టని 'డాలీ' అనేవాళ్ళు. దొరతో పని పడిన గుమాస్తాలు, వ్యాపారులు కూడా డాలీలు పట్టుకొచ్చేవాళ్ళు. ఎందుకో వేరే చెప్పాలా?

సరే, గుమ్మానికి దండలున్నాయి, బల్ల నిండా పండ్లున్నాయి. చాలా ఇళ్ళల్లో లేనిది పిల్లలు. ఇక్కడి ఎండలు, జ్వరాలు పిల్లలకి పడవని భయం. ఇక్కడే పెరిగితే మాట, నడత మనవాళ్ళలా అయిపోతాయని ఇంకో భయం. అందుకని ఐదారేళ్ళు రాగానే ఓడెక్కించి ఇంగ్లండ్ పంపించేసేవాళ్ళు. 1869లో సూయజ్ కాలువ తెరిచాక, నెలల తరబడి సాగే ప్రయాణం వారాల్లోకి వచ్చింది. అయినా సెలవులకి వచ్చి వెళ్ళేంత దగ్గరేం కాదు కదా.

అలా వెళ్ళిన ఒక పిల్లాడి కథ మనకి బాగా తెలుసు, ఎందుకంటే పెద్దయ్యాక తనే రాసుకున్నాడు. పేరు రడ్యర్డ్ కిప్లింగ్. అవును, 'జంగిల్ బుక్' ఆయనే. 1865 డిసెంబర్ 30న బొంబాయిలో పుట్టాడు. ఆయా చేతుల్లో పెరిగాడు, ఇంగ్లీషు కంటే హిందుస్తానీయే బాగా వచ్చేది. 1871లో, ఆరేళ్ళు నిండకముందే, మూడేళ్ళ చెల్లెలు ట్రిక్స్‌తో పాటు ఇంగ్లండ్‌లోని సౌత్‌సీలో దించేశారు. ఎవరింట్లో? చుట్టాలింట్లో కూడా కాదు, పేపర్లో ప్రకటన చూసి మాట్లాడుకున్న ఇంట్లో. ఎందుకు వదిలి వెళ్తున్నారో పిల్లలకి చెప్పలేదు.

ఆ ఇంటావిడ పిల్లాడిని కొట్టేది, తిట్టేది. అలా దాదాపు ఆరేళ్ళు. ఊపిరి తీసుకునే చోటు ఒక్కటే ఉండేది. ఏటా డిసెంబర్‌లో లండన్‌లోని పిన్ని ఇంటికి పంపేవాళ్ళు. ఆ నెల రోజులూ తనకి స్వర్గమేనని రాసుకున్నాడు. ఆ ఇంటి తలుపు దగ్గర, లాగితే గంట మోగే పిడి ఒకటుండేది. ఎగిరి దాన్ని అందుకోవడంతోనే వాడి క్రిస్మస్ మొదలు.

1877లో తల్లి తిరిగొచ్చింది. మొదటి రాత్రి ముద్దు పెడదామని మంచం మీదికి వంగితే, దెబ్బ పడుతుందనుకుని పిల్లాడు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడట. పదకొండేళ్ళవాడు. ఇది చదివాక నేను కాసేపు పుస్తకం మూసేశాను.

1882లో పదహారేళ్ళ కిప్లింగ్ లాహోర్‌లో పత్రిక ఉద్యోగానికి వచ్చాడు. అమ్మానాన్న అక్కడే ఉన్నారు. తర్వాత చెల్లెలూ వచ్చేసింది. నలుగురూ మళ్ళీ ఒక చోట చేరారు. అయినా 1886లో 'క్రిస్మస్ ఇన్ ఇండియా' అని ఒక పద్యం రాశాడు. నిండా ఇంగ్లండ్ మీద బెంగే. అందులో ఇండియాని సవతి తల్లి అన్నాడు!

నాకు మింగుడుపడనిది ఇదే. వాడిని జోకొట్టి నిద్రపుచ్చింది బొంబాయి ఆయా. సవతి తల్లి లాంటి మనిషి దొరికింది సౌత్‌సీలో. కానీ క్రిస్మస్ వచ్చేసరికి బెంగ మాత్రం అటువైపే లాగింది. పాలించే వర్గంలో పుట్టినవాడికి ఎవరిని సొంతమనుకోవాలో కూడా ముందే నేర్పేస్తారేమో. పాటలు పాడిన ఆ ఆయా ఏమైందో, పిల్లలు ఓడెక్కిన రోజు ఆవిడకి ఎలా అనిపించిందో ఎవరూ అడిగినట్టు లేదు.

కిప్లింగ్ తర్వాత ససెక్స్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. పిన్ని ఇంటి తలుపు దగ్గరి ఆ గంట పిడిని అడిగి తెచ్చి, తన గుమ్మానికి పెట్టించుకున్నాడు. ఇంకెవరైనా పిల్లలు దాన్ని లాగి సంతోషపడతారని.