ప్లినీగారి పద్దు

బి.ఏ. చదివే రోజుల్లో గ్రీకు, రోమను చరిత్ర అంటే నాకు హడలు. రాజమండ్రిలో గోదావరి గట్టున కూచుని టైబర్ నది గురించి బట్టీ పట్టడం ఏం ఖర్మ అనుకునేదాన్ని. మా నాయనమ్మయితే, "ఆ రోము రాజులు మనకేమవుతారే? మేనమామలా?" అని నవ్వేది.

ఏమవుతారో చాలా ఏళ్లకు గాని తెలియలేదు. మన బట్టలకు పాత ఖాతాదారులట!

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఎవరో గ్రీకు నావికుడు ఎర్రసముద్రం నుంచి ఇటువైపు రేవుల సంగతులన్నీ 'పెరిప్లస్' అనే పుస్తకంలో రాసిపెట్టాడు. తన పేరు మాత్రం చెప్పుకోలేదు మహానుభావుడు. మన కోస్తాని 'మసాలియా' అన్నాడు. అక్కడ సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయన్నాడు. తరువాతి శతాబ్దంలో టాలెమీ ఇక్కడి నదికి 'మైసోలోస్' అని పేరు రాశాడు. అది కృష్ణ అని కొందరు పండితులు, కాదు గోదావరి అని మరికొందరు. నేనే పక్షమో వేరే చెప్పాలా!

మన దేశపు బట్టలకీ, ముత్యాలకీ, మిరియాలకీ బదులు రోము బంగారం ఓడలెక్కి వచ్చింది. 1889లో, నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో 15 రోమను బంగారు నాణేలు బయటపడ్డాయి.

ఆ బంగారం తరలిపోవడం చూసి ప్లినీ అనే రోము పెద్దమనిషికి కడుపు మండింది. ఏటా 5 కోట్ల సెస్టర్సులు, అంటే వాళ్ల నాణేలు, ఇండియాకే పోతున్నాయని లెక్క కట్టాడు. చైనా, అరేబియాలను కూడా కలిపితే 10 కోట్లట. ఇదంతా మన విలాసాలకీ, మన ఆడవాళ్లకీ అవుతున్న ఖర్చని తేల్చేశాడు.

చూశారా చోద్యం! మిరియాల ఘాటు తగలందే ఆ ఇళ్లలో మగవాళ్లకు మాత్రం ముద్ద దిగేదా? అది ఎవరి పద్దులో రాయాలి? క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ప్లినీగారు పోయారు గాని, ఆ మాట పోలేదు. నెలాఖరున మా ఇంట్లో ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది: "అంతా నీ చీరలకే సరి!"

అమ్మ ఇచ్చిన ఉప్పాడ చీర మడత పెడుతున్నప్పుడల్లా ఒకటి తోస్తుంది నాకు. బట్ట ఎక్కడ దొరుకుతుందో నావికుడు రాశాడు. కొన్నవాళ్లను ప్లినీ తిట్టాడు. ఆ సన్నని నూలు వడికిన మనిషి పేరు మాత్రం ఇద్దరి పద్దులోనూ లేదు.