కాలయంత్రము – బళ్ళారి రంగస్థలము

దీర్ఘకాలము నడచిన వైజ్ఞానిక కల్పనా దూరదర్శన నాటకములలో బి.బి.సి. వారి ‘డాక్టర్ హూ’ అగ్రగణ్యమని నా అభిప్రాయము. 1963 నవంబరు 23న ప్రారంభమైన ఈ నాటకమున నాయకుడు కాలయంత్రముపై సంచరించును. 1966లో ప్రధాన నటుడు విలియం హార్ట్‌నెల్ వైదొలగగా, నాయకుడు నూతన దేహము ధరించెనని చెప్పి కథను కొనసాగించిరి. దేహము మారినను ఆత్మ నిలుచుట మనకు క్రొత్త గాదు. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912) వెలిగించిన నాటకదీపమును మేనల్లుడు రాఘవ (1880–1946) అందుకొనలేదా?

తెలుగువారి కాలయంత్రము ‘ఆదిత్య 369’ (1991). అది ప్రేక్షకులను 1526కు, కృష్ణదేవరాయల కొలువునకు గొనిపోయినది. 2021 వరకు బళ్ళారి జిల్లాలోనిదే యైన హంపిలో శిథిలములను చూచి పెరిగిన మనకు ఆ చిత్రము మరింత ఆత్మీయము.

అయితే బి.బి.సి. వారు తొలినాటి ‘డాక్టర్ హూ’ టేపులను పెక్కింటిని తుడిచివేసిరి. పోయిన భాగముల ధ్వనిని ఇండ్లలో రికార్డు చేసి నిలిపినవారు సామాన్య ప్రేక్షకులే. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది. సరిహద్దు మారినను, ఇచ్చటి తెలుగు నాటకస్మృతికి అభిమానులే మొదటి కాపరులు. ఇండ్లలోని కరపత్రములను, ఛాయాచిత్రములను, పెద్దల జ్ఞాపకములను నేడే భద్రపరుపవలెను. వెనుకకు పోయి తెచ్చుకొనుటకు మనకు కాలయంత్రము లేదు.