వడ్రంగి గడియారము - ఎరువు పుస్తకము

పదునెనిమిదవ శతాబ్ది ప్రారంభమున ఇంగ్లండు దేశపు సంపన్నుల యిండ్లలో నిలువు గడియారములు వాడుకలో నుండెను. 1656లో హాలెండు దేశీయుడగు క్రిస్టియన్ హైగెన్స్ గడియారమునకు లోలకము నమర్చిన పిదప కాలగణనము మిక్కిలి మెరుగుపడెను. సెకనుకొక యూపు ఊగవలెనన్న లోలకమునకు మూడడుగులకు పైబడిన పొడవు కావలెను. ఆ లోలకమును, మెల్లగా దిగుచుండెడి బరువులను దుమ్మునుండియు గాలినుండియు కాపాడుటకే మనిషి యెత్తు కఱ్ఱపెట్టె యేర్పడెను. లోపలి యంత్రమును ఇత్తడి పని నేర్చిన గడియారపు పనివాడు చేయును; పైపెట్టెను వడ్రంగి చేయును. ఆ రెంటిని తానే చేసిన గ్రామీణ వడ్రంగి జాన్ హారిసన్.

హారిసన్ 1693లో యార్కుషైరులోని ఫౌల్బీ గ్రామమున జన్మించెను. బాల్యముననే అతని కుటుంబము లింకన్‌షైరులోని బారో గ్రామమునకు తరలెను. తండ్రి వడ్రంగి, కుమారుడు ఆ పనియే నేర్చెను. గడియారపు పనివాని యొద్ద శిష్యరికము చేయు భాగ్య మతనికి కలుగలేదు. సుమారు 1712లో ఆ గ్రామమునకు వచ్చిన ఒక మతగురువు అతనికొక వ్రాతప్రతిని ఎరువిచ్చెను. అది కేంబ్రిడ్జి ఆచార్యుడు నికొలస్ సాండర్సన్ ప్రకృతి శాస్త్రముపై చేసిన ఉపన్యాసముల సంపుటి. ఆ ఆచార్యుడు శైశవముననే మశూచిచే చూపు కోల్పోయినవాడు. హారిసన్ ఆ ప్రతిని పటములతో సహా అక్షరమక్షరము నకలు వ్రాసికొని, అనేక సంవత్సరములు దానిపై తన వివరణములు చేర్చుచు వచ్చెను.

1713లో, ఇరువదేండ్లు నిండని ప్రాయమున, అతడు తొలి గడియారమును పూర్తిచేసెను. దాని చక్రములు ఓకు కఱ్ఱవి. చక్రమంతయు ఒకే పలకనుండి కోసినచో నారకు అడ్డముగా వచ్చిన పండ్లు విరిగిపోవును. అందుచే అతడు పండ్లను వేరు ముక్కలుగా చెక్కి, నార చక్రకేంద్రమునుండి వెలుపలికి సాగునట్లు అంచున బిగించెను. కఱ్ఱ గుణ మెఱిగిన వడ్రంగికి గాక ఈ యూహ మరియొకరికి తట్టుట దుర్లభము. ఆ కాలపు గడియారపు పెట్టె తలుపునకు లోపలివైపున అతడు స్వయముగా వ్రాసిన పట్టిక యొకటి నిలిచియున్నది. సూర్యుడు చూపు కాలమునకును గడియారపు కాలమునకును ఏ దినమున నెంత వ్యత్యాసముండునో అది తెలుపును.

సుమారు 1722లో బ్రోకిల్స్‌బీ పార్కున ఒక ప్రభువు గుఱ్ఱపుశాలపై అతడు గోపుర గడియారమును నిర్మించెను. దాని ఒరపిడి భాగములకు లిగ్నమ్ వైటీ యను ఉష్ణదేశపు కఱ్ఱను వాడెను. ఆ కఱ్ఱ తనంతట తానే జిడ్డు నూరుచుండును. వేరుగా నూనె వేయ నక్కరలేదు. ఆ కాలపు నూనె చిక్కబడి గడియారములను చెడగొట్టుచుండెను గనుక ఇది గొప్ప మేలు.

1725-27 నడుమ జాన్, అతని సోదరుడు జేమ్స్ మరి రెండు నిలువు గడియారములను చేసిరి. వేడికి లోలకము సాగకుండుటకై ఇత్తడి, ఉక్కు కడ్డీలను జతపఱచిరి. గడియారముల పరీక్షకు వేధశాల లేదు. రాత్రివేళ తమ కిటికీ అంచునుండి చూచుచు, పొరుగింటి పొగగొట్టము చాటున నక్షత్రము మఱుగగు క్షణమును గుర్తించిరి. నక్షత్రము ప్రతి రాత్రియు 3 నిమిషముల 56 సెకనులు ముందుగా మఱుగగును. ఆ లెక్కతో సరిచూడగా గడియారము నెలకు ఒక్క సెకనుకు మించి తప్పలేదు.

ఈ సాధన సముద్రయానమునకు అక్కరకు వచ్చెను. 1707లో సిల్లీ దీవుల యొద్ద నాలుగు నౌకలు మునిగి వేయిమందికి పైగా మరణించిరి. 1714లో బ్రిటిషు పార్లమెంటు సముద్రముపై రేఖాంశమును కనుగొను మార్గమునకు 20,000 పౌనుల బహుమానము ప్రకటించెను. కాలములో నాలుగు నిమిషముల తేడా రేఖాంశములో ఒక డిగ్రీ. 1735లో హారిసన్ తొలి నౌకా గడియారమును ముగించెను. అందును చక్రములు కఱ్ఱవే. చిన్న పళ్ళెమంత నాలుగవ గడియారము 1761-62లో జమైకాకు పోవు నౌకాయానమున సుమారు అయిదు సెకనులు మాత్రమే తప్పెను. అయినను పండితమండలి సందేహములు తీరలేదు. చివరకు 1773లో, ఎనుబదేండ్ల వృద్ధునకు, పార్లమెంటు 8,750 పౌనుల నొసగెను. 1776లో అతడు మరణించెను.

హారిసన్ చేతికి ఉలి తండ్రి యిచ్చెను. దానికి దారి చూపినది ఎరువు పుస్తకము. పుస్తక మిచ్చిన మతగురువు దాని ఫలిత మూహించి యుండడు. గ్రామ గ్రంథాలయము నుండి ప్రతి సాయంకాలము వెడలు పుస్తకములును అట్టివే. అవి ఏ యింటి పనిశాలకు చేరునో ఇచ్చినవారికి తెలియదు. ఇచ్చుట మాత్రము మానరాదు.