పట్టికయు పటమును

కరణములున్న రోజులలో మన గ్రామములందు అడంగలు ఒక పుస్తకము, గ్రామపటము వేరొక కాగితము. చేనిలో పైరేమియో అడంగలు చెప్పెడిది. చేను ఎచ్చటనున్నదో పటము చూపెడిది. రెంటికిని ముడివేసినది సర్వే నంబరు. నేడు కంప్యూటరులోని పట్టికలను, అన్యత్ర నిలువయున్న భౌగోళిక సమాచారముతో కలుపుటయు ఇట్టి పనియే. ఆ ముడి దొరకుట ఎంత కష్టమో 1854 నాటి లండను కథవలన మనకు తెలియును.

ఆ యేట అచ్చట కలరా చెలరేగెను. థేమ్సు నదికి దక్షిణమున రెండు కంపెనీలు గొట్టములద్వారా నీరిచ్చుచుండెను. సదర్కు-వాక్సాలు కంపెనీ నగరపు మురుగు కలసిన నీటిని బాటర్సీ వద్ద తోడెడిది. లాంబెత్ కంపెనీ 1852లోనే ఎగువనున్న థేమ్సు డిట్టనునకు తరలిపోయెను. పెక్కు వీధులలో ఒక ఇంటికి ఒకరి నీరు, పొరుగింటికి వేరొకరి నీరు!

మరణించినవారి చిరునామాలు రిజిస్ట్రారు జనరలు కార్యాలయమున నుండెను. వారు త్రాగిన నీరెవరిదో అందు లేదు. డాక్టరు జాన్ స్నో ఇంటింటికి తిరిగి విచారించెను. నీటిపన్ను యజమానులు కట్టుచుండుటచే అద్దెకున్నవారిలో పెక్కురకు కంపెనీ పేరే తెలియదు. అప్పుడాయన ఒక ఉపాయము కనుగొనెను. సదర్కు కంపెనీ నీటిలో గాలనునకు 37.9 గ్రెయినుల ఉప్పు. లాంబెత్ నీటిలో 0.95 గ్రెయిను మాత్రమే. చిన్నసీసాలో నీరుపట్టి సిల్వర్ నైట్రేటు కలిపినచో, ఏర్పడు తెల్లని మడ్డిని చూచి కంపెనీని గుర్తింపవచ్చును. చిరునామాకును నీటిగొట్టమునకును ముడివేసినది ఉప్పు!

ఇండ్ల సంఖ్యను పార్లమెంటునకు సమర్పింపబడిన వేరొక లెక్కనుండి గైకొనెను. మొదటి ఏడు వారములలో సదర్కు కంపెనీ నీరు వాడిన 40,046 ఇండ్లలో 1,263 మరణములు. లాంబెత్ వారి 26,107 ఇండ్లలో 98. అనగా పదివేల ఇండ్లకు 315, 37. బ్రాడ్‌వీధి పంపు కథయే లోకమున ప్రసిద్ధము. మాకు మాత్రము ఈ పట్టికయే గొప్పదిగా తోచును.

1970లో ఐ.బి.ఎం. సంస్థయందున్న కాడ్ అను శాస్త్రజ్ఞుడు, పట్టికలను వానిలోని విలువలను బట్టియే కలుపు సిద్ధాంతమును ప్రకటించెను. 2001లో పోస్ట్‌గ్రెస్ అను భాండారమునకు పోస్ట్‌జీఐఎస్ తోడై, స్థలముల ఆకారములును పట్టికలలో చేరెను. 2011లో దానికి ‘ఫారిన్ టేబుల్’, అనగా పరాయి పట్టిక, సమకూరెను. పటము తన సొంతదారు వద్దనే యుండును. మనము ప్రశ్న అడిగినప్పుడే చదువబడును. నకలు తెచ్చి దాచుకొననక్కరలేదు. అది పాతబడునను చింతయు లేదు.

అయినను ఒక ప్రమాదము మిగిలియున్నది. ఒక పట్టికలోని వరుసకు రెండవదానిలో జోడు దొరకనిచో, మామూలు కలయికలో ఆ వరుస చప్పుడు లేకుండ జారిపోవును. మొత్తము మాత్రము సరిగానే యున్నట్లు కనబడును. స్నో మొదటి నాలుగు వారములలో విచారించిన మరణములు 334. అందు నలుగురు త్రాగిన నీరు ఎక్కడిదో ఆయనకు తేలలేదు. ప్రయాణములో జబ్బుపడుట వంటివి కారణములు. ఆ నలుగురిని ఆయన కొట్టివేయలేదు, ఏ కంపెనీ ఖాతాలోను వేయలేదు. తెలియనివారుగానే లెక్కలో ఉంచెను.