పల్నాటి వీరారాధన ఉత్సవాలు

పల్నాటి వీరారాధన ఉత్సవాలు పల్నాడు జిల్లాలోని కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుండి ఐదు రోజుల పాటు జరుగుతాయి. 12వ శతాబ్దిలో జరిగిన పల్నాటి యుద్ధంలోని ముఖ్య ఘట్టాలను, యుద్ధం జరిగిందని చెప్పే నాగులేటి ఒడ్డునే, వీరాచారవంతులు తిరిగి ఆచరించి చూపడం వీటి ప్రత్యేకత. ఒక చారిత్రక యుద్ధాన్ని పునఃప్రదర్శించే సంప్రదాయాలలో తెలుగునాట దీనికి సాటి రాగలది అరుదు. అయితే ఆచరించే వారి దృష్టిలో ఇది ప్రదర్శన కాదు, ఆరాధన.

నేపథ్యం

హైహయ వంశానికి చెందిన సవతి సోదరులలో నలగామరాజు గురజాలను, మలిదేవరాజు మాచర్లను పాలించారు. గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు మంత్రాంగం నడిపారు. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం ఏడేళ్ళు వలస పోవలసి వచ్చింది. వలసలో ఉండగా వారి పశువుల మందపై దాడి జరిగింది. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి రాయబారిగా వెళ్ళిన అలరాజు, స్వయంగా నలగాముని అల్లుడై ఉండి కూడా, విషప్రయోగానికి బలయ్యాడు. దానితో కారెంపూడి వద్ద యుద్ధం తప్పలేదు. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు, అతని మిత్రులు అందులో మరణించారు. యుద్ధం 1182 ప్రాంతంలో జరిగిందని కొందరు చరిత్రకారుల అభిప్రాయం.

ఈ కథను శ్రీనాథుడు ద్విపదలో రచించాడని ప్రసిద్ధి. అక్కిరాజు ఉమాకాంతం ఆ కావ్యాన్ని పరిష్కరించి 1911లో ప్రకటించాడు. అయితే కథ నిలిచి ఉన్నది ప్రధానంగా పాటలోనే. దీనిని పాడే వీరవిద్యావంతులు మాల కులానికి చెందినవారు. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ వారి నోటి నుండి కథను సేకరించి అధ్యయనం చేశాడు. ఆయన ఆంగ్ల గ్రంథం 1982లో వెలువడింది.

ఐదు రోజులు

ఐదు రోజులకు వరుసగా రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని పేర్లు. వీరుల వంశస్థులుగా చెప్పుకొనే వారు వివిధ ప్రాంతాల నుండి తమ ఇంటి ఆయుధాలతో వస్తారు. నాగులేటిలో వాటిని శుద్ధి చేసి, వీర్ల గుడి వద్దకు ఊరేగింపుగా తీసుకువెళతారు. ఆయుధం ఇక్కడ అలంకారం కాదు. అది వీరునికి ప్రతిరూపం, దానిని మోసేవాడు ఆ ఐదు రోజులూ ఆ వీరునికి ప్రతినిధి.

మందపోరు నాడు చాపకూడును గుర్తుచేస్తారు. అన్ని కులాల వారిని ఒకే చాపపై కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు భోజనం పెట్టించాడని కథ. మాల కులస్థుడైన కన్నమదాసును ఆయన కుమారునిగా స్వీకరించాడనీ, సేనకు నాయకునిగా చేశాడనీ చెబుతారు. వీరగాథను పాడేవారు ఎవరో గమనిస్తే ఈ ఘట్టం ఇన్ని శతాబ్దాలు ఎందుకు చెక్కుచెదరలేదో తెలుస్తుంది. కోడిపోరు నాడు బ్రహ్మనాయుడు, నాగమ్మల పుంజుల పందెం జరుపుతారు. కల్లిపాడు నాడు వీరులు నేలకొరగడంతో ఉత్సవం ముగుస్తుంది.

పాఠకులు గమనించదగిన విషయం ఒకటుంది. కథలో ముందు కోడిపందెం, తరువాత మందపై దాడి, ఆపైన రాయబారం వస్తాయి. ఉత్సవంలో ఈ మూడూ సరిగ్గా తలక్రిందుల వరుసలో ఉన్నాయి. జరిగినది జరిగినట్లు వరుసగా చూపడమే లక్ష్యమైతే ఇలా ఉండనవసరం లేదు.

టెలివిజన్ యుద్ధక్రీడలతో పోలిక

చారిత్రక యుద్ధాలను తిరిగి నడిపించడం పాశ్చాత్య దేశాలలో టెలివిజన్ కార్యక్రమంగా కూడా వచ్చింది. బి.బి.సి. 2003 నుండి 2005 వరకు, మరల 2016లో ప్రసారం చేసిన "టైమ్ కమాండర్స్" వీటిలో పేరు పొందింది. తొలి ప్రసారాలలో "రోమ్: టోటల్ వార్" అనే కంప్యూటర్ ఆట సాంకేతికతతో యుద్ధరంగాన్ని తెరపై సృష్టించి, సైనిక విద్య తెలియని సామాన్యుల జట్టుకు సేనలను అప్పగించేవారు. చరిత్రలో ఓడిన పక్షం ఇక్కడ గెలవవచ్చు. ఆటలోని ఆసక్తి అంతా అందులోనే ఉంది. వ్యూహం ఎక్కడ తప్పిందో నిపుణులు విడమరచి చెప్పేవారు.

కారెంపూడిలో అటువంటి అవకాశం లేదు. బాలచంద్రుడు ఏటా మరణించవలసిందే. బ్రహ్మనాయుడు వేరొక వ్యూహం పన్ని ఉంటే ఏమయ్యేదని ఎవరూ ప్రశ్నించరు. టెలివిజన్ ఆట యుద్ధాన్ని ఒక లెక్కగా తీసుకుంటే, ఈ ఉత్సవం దానిని తీర్చవలసిన పితృఋణంగా తీసుకుంటుంది. యుద్ధతంత్రం నేర్చుకోదలచిన విద్యార్థికి మొదటిదే ఉపయోగకరం. సేనల మోహరింపు, సంఖ్య వంటివి కారెంపూడిలో తెలుసుకోగలిగేది స్వల్పం.

చలనచిత్రాలు

ఈ కథ "పల్నాటి యుద్ధం" పేరుతో రెండుసార్లు చలనచిత్రంగా వచ్చింది. 1947 నాటి చిత్రాన్ని గూడవల్లి రామబ్రహ్మం ప్రారంభించగా, ఆయన మరణానంతరం ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేశాడు. నాగమ్మగా కన్నాంబ, బ్రహ్మనాయునిగా గోవిందరాజుల సుబ్బారావు, బాలచంద్రునిగా అక్కినేని నాగేశ్వరరావు నటించారు. గుత్తా రామినీడు దర్శకత్వంలో 1966లో వచ్చిన చిత్రంలో బ్రహ్మనాయునిగా ఎన్.టి.రామారావు, నాగమ్మగా భానుమతి నటించారు.