గడీల చీకటిని తెరకెక్కించిన దర్శకుడు

నిజాము రాజ్యమున నిజామాబాదు జిల్లాలోని తాలూకాలై యుండి, 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో భాగములైన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల పూర్వవృత్తాంతమును వ్రాయబూనిన వానికి, దోమకొండ సంస్థానపు కోటయు, దానిని ఏలిన కామినేని వంశమువారి చరిత్రయు ఎక్కువ శ్రమ లేకయే లభించును. దొరల నివాసమైన గడీ గోడల లోపల నీళ్లు మోసి, అంట్లు తోమి, దొరసాని కాళ్లొత్తి, తుదకు పేరైనను మిగులక గతించిన దాసీల బ్రతుకు మాత్రము ఏ దస్తావేజులోను కానరాదు. పటేలు పట్వారీల లెక్కలలో శిస్తు కలదు, పొలము హద్దు కలదు, ఆ స్త్రీల కన్నీరు లేదు. 1930లో జోగిపేటలోను, 1935లో సిరిసిల్లలోను, 1937లో నిజామాబాదులోను సమావేశమైన ఆంధ్రమహాసభ వెట్టిచాకిరిని నిరసించినది. ఆ నిరసనము వలన వ్యవస్థ దోషము లోకమునకు తెలిసినదే కాని, దానిని భరించిన మనిషి ముఖము తెలియలేదు. ఆ ముఖమును చూపుటకు ఒక చలనచిత్ర దర్శకుడు పూనుకొనవలసి వచ్చెను.

ఆయన బి. నరసింగరావుగారు. ఈ సీమకు పొరుగైన నాటి మెదకు జిల్లాలో, గజ్వేలు చేరువనున్న ప్రజ్ఞాపురమున, 1946లో భూస్వామి కుటుంబమున జన్మించిరి. చిత్రలేఖనము, కవిత్వము, ఛాయాగ్రహణము ఆయనకు ఆజన్మాభిరుచులు. అయినను ఆయనను ప్రజల మధ్యకు నడిపించినది నాటకము, పాట. హైదరాబాదులో ఆర్ట్ లవర్స్ అను బృందమును కూర్చి, 1970 తరువాతి సంవత్సరములలో గాయకుడు గద్దరు మొదలగు వారితో కలిసి జననాట్యమండలి అను ప్రజాకళాబృందపు పుట్టుకకు కారకులైరి. ఆ బృందపు రంగస్థలమున తెర లేదు, దీపాలంకారము లేదు. బస్తీ నడుమ గొంగడి, కఱ్ఱ, గొంతుక, వీనితోనే కథ నడిపింపవలెను. ఆ శిక్షణము వృథా పోలేదని తరువాతి చిత్రములు సాక్ష్యమిచ్చుచున్నవి.

కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారముగా, వంగదేశీయుడైన గౌతమ్ ఘోష్ దర్శకత్వమున ఆయన నిర్మించిన ‘మాభూమి’ 1980లో విడుదలయ్యెను. తెలంగాణ రైతాంగ పోరాటమును చిత్రించిన ఆ సినిమాలో గద్దరు స్వయముగా గొంతెత్తి పాడిరి. పిమ్మట తామే దర్శకత్వము వహించి, నటించి, 1983లో ‘రంగుల కల’ తీసిరి. దానికి ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము లభించెను.

1988లో ఆయన తీసిన ‘దాసి’ని గూర్చి కొంత నిలిచి చెప్పవలసియున్నది. వధువు అత్తవారింటికి పోవునపుడు అరణపు సొమ్ముతో పాటు ఆడపిల్లలను సైతము పంపు ఆచారము తెలంగాణ దొరల ఇండ్లలో నుండెడిది. అట్టి లోకమునకు చెందిన కమలాక్షి అను దాసి, దొర కామమునకు లోనై గర్భవతియై, ఆ గర్భమును సైతము కాపాడుకొను అధికారము లేక కోల్పోవుటయే ఇందలి కథ. సంభాషణలు మిక్కిలి తక్కువ. గడీ పడసాల, ఇత్తడి బిందెలు, వంటింటి పొగ, మెల్లమెల్లగా కదలు నీడలు, ఇవియే మాటలాడును. దుఃఖమును గట్టిగా పలికించిన చిత్రములు మనకు పెక్కు కలవు. పలుకుటకే హక్కు లేని దుఃఖమును ఇంత నిగ్రహముతో చూపినది మరియొకటి తెలుగున కలదని నేననుకొనను. భూస్వామి ఇంట పుట్టినవాడు దాసి వైపున నిలిచి చూచుట చిన్న విషయము కాదు. ఉత్తమ తెలుగు చిత్రమునకు, అర్చన నటనకు, ఏ.కె. బీర్ ఛాయాగ్రహణమునకు, చిత్రకారుడు వైకుంఠము కళాదర్శకత్వమునకు, సుదర్శన్ వస్త్రాలంకరణమునకు, మొత్తము 5 జాతీయ పురస్కారములు ఈ చిత్రమునకు వచ్చినవి.

1990లో వెలువడిన ‘మట్టి మనుషులు’ దీనికన్న తక్కువ ప్రసిద్ధి పొందుట నాకు బాధాకరముగా తోచును. పల్లెను వీడి, మహానగరమున మేడలు కట్టు కూలికై చేరిన శ్రామికుల కథ అది. దానికిని ఉత్తమ తెలుగు చిత్ర పురస్కారము లభించినది. వానలు తప్పిన యేండ్లలో మూటలు కట్టుకొని, కామారెడ్డి స్టేషనులో బండి యెక్కి సికింద్రాబాదు దిగిన కుటుంబములు కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో ఎన్నియో కలవు. గడీ తలుపులు మూతపడిన తరువాత కూడ ఆ చాకిరి మేస్త్రీ అధీనమున, వేరొక ఊరిలో, వేరొక పేరుతో ఎట్లు కొనసాగినదో తెలిసికొన గోరువారు ఆ చిత్రమును చూడవలెను.