ఒక్క ఓటుతో పడిన ప్రభుత్వం

అంబాజీపేటలో పెరిగినవాడికి చెట్టంటే కొబ్బరి చెట్టే. మార్కెట్లో కాయ ధర ఎంత పలికిందన్నది మా ఇంటికి పేపరు కన్నా ముందొచ్చే వార్త. చెట్టెక్కేవాళ్లలో దింపు తీసేవాళ్లు వేరు, కల్లు గీసేవాళ్లు వేరు. ఆ రెండోవాళ్ల గొడవ మీద ఒక ప్రభుత్వమే పడిపోయిందని ఇంజినీరింగ్ అయ్యేదాకా నాకు తెలీదు.

1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. శాసనసభలో 140 మంది. కాంగ్రెస్‌కీ కమ్యూనిస్టులకీ చెరో నలభై చిల్లర, మిగతావి చిన్న పార్టీలు. సొంత బలం చాలని కాంగ్రెస్, ఒకప్పుడు తనను వదిలి వెళ్లిన టంగుటూరి ప్రకాశాన్నే ముఖ్యమంత్రిగా ఒప్పుకుంది. నీలం సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. గుడారాల్లో ఆఫీసులు, ఎనభై దాటిన నాయకుడు, రోజూ తలలు లెక్కపెట్టుకోవాల్సిన సభ.

మద్యనిషేధం మద్రాసు రోజుల నుంచి వచ్చిన చట్టం. మోకు, కత్తి, లొట్టి తప్ప వేరే ఆస్తి లేని కుటుంబాలకి అది కూడు తీసేసిన చట్టం. నిషేధం ఎత్తేయమని రామమూర్తి కమిటీ చెప్పింది. ప్రభుత్వం వినలేదు. గౌతు లచ్చన్న గీత కార్మికుల పక్షాన ఉద్యమం నడిపారు. 1954 నవంబర్ 6న అవిశ్వాస తీర్మానం ఒకే ఒక్క ఓటు తేడాతో నెగ్గింది.

దీన్ని 'పాపం, ప్రకాశం గారు' అనే కథగా చెప్పడం మనకి అలవాటు. నాకు ఆ జాలి సగమే ఉంది. ప్రతిపక్షాలు అదను చూసుకున్న మాట నిజమే. కానీ సిద్ధాంతం కోసం తిండి ఆపినవాళ్లని వదిలేసి, సిద్ధాంతం నిలబెట్టుకున్నవాళ్ల కోసమే బాధపడటం నాకెందుకో రుచించదు.

తర్వాత రాష్ట్రపతి పాలన, 1955 ఎన్నికలు. 196 స్థానాల్లో కమ్యూనిస్టులకి దాదాపు 31 శాతం ఓట్లొచ్చినా సీట్లు 15. బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. నిషేధం మాత్రం వెంటనే పోలేదు.

మొన్న ఊరెళ్లినప్పుడు, తండ్రి గీత పని చేసిన ఒక పెద్దాయనకి ఈ ఒక్క ఓటు సంగతి ఎంతో ఉత్సాహంగా చెప్పాను. ఆయన చుట్ట తీసి,

“ఆయ్, పడిపోతే పడిపోయిందండి. చెట్టెక్కనిచ్చారా మరి?” అన్నాడు.